అసిస్టెంట్ కోచ్‌లకు హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటు ఉండాలా? బడ్ ఫోస్టర్ సంగతి

హోకీ_బాబు:
అమెరికా కాలేజ్ ఫుట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి ఆటగాళ్లనీ హెడ్ కోచ్‌లనీ మాత్రమే తీసుకుంటారు. హెడ్ కోచ్‌గా కనీసం 10 ఏళ్లు, 100 మ్యాచ్‌లు, 60 శాతానికి అటూ ఇటుగా గెలుపులు ఉండాలి. అసిస్టెంట్ కోచ్ బడ్ ఫోస్టర్ 1987 నుంచి 2019 దాకా మన వర్జీనియా టెక్ యూనివర్సిటీ జట్టుని వదల్లేదు. డిఫెన్స్‌ని, అంటే అవతలి జట్టుని ఆపే దళాన్ని, 1995లో మరొకరితో కలిసి, 1996 నుంచి ఒక్కరే నడిపారు. 2006లో దేశంలోకెల్లా మేటి అసిస్టెంట్‌కి ఇచ్చే బ్రాయిల్స్ అవార్డు అందుకున్నారు. అయినా హెడ్ కోచ్ కాలేదు కాబట్టి ఆయన పేరు పరిశీలనకే రాదు. ఇది అన్యాయం.

గోదావరి_గట్టు:
బాబు గారూ, గెలిచినా ఓడినా హెడ్ కోచ్ ఖాతాలోనే పడుతుంది. అందులో అసిస్టెంట్ వాటా ఎంతో ఎలా తేలుస్తారు? జట్టుని కట్టిందీ, కిక్కింగ్ ఆటతో మ్యాచ్‌లు తిప్పిందీ అప్పటి హెడ్ కోచ్ ఫ్రాంక్ బీమర్. పైగా 2018లో ఓల్డ్ డొమినియన్ లాంటి చిన్న జట్టుకి 49 పాయింట్లు ఇచ్చుకున్నది ఫోస్టర్ డిఫెన్సే కదా.

శారద_రిచ్‌మండ్:
ఆ 49 కూడా లెక్కేయండి, కాదనను. కానీ వాటా తేల్చలేం అనడం సరికాదు. 2014 సెప్టెంబరులో కొలంబస్‌లో ఒహాయో స్టేట్‌తో ఆట చూడండి. ఫోస్టర్ తన మనుషుల్ని బంతి దగ్గరికి తోసి, వెనక రిసీవర్లని (పాస్ అందుకునేవాళ్లని) కాచే కార్నర్లని ఒంటరిగా వదిలేశారు. రిసీవర్ ఒక్క అడుగు ముందుకి జారినా టచ్‌డౌనే (బంతి గీత దాటి పాయింట్లు పోయినట్టే), అంత తెగింపు. వాళ్ల కుర్ర క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరేవాడు) జె.టి. బారెట్ 29 సార్లు విసిరితే 9 మాత్రమే చేరాయి. మూడు మనవాళ్ల చేతిలో పడ్డాయి, ఏడుసార్లు సాక్ అయ్యాడు, అంటే విసరకముందే పడగొట్టారు. 35-21తో మనం గెలిచాం. ఆ ఏడాది ఒహాయో స్టేట్ ఓడింది ఆ ఒక్కటే, చివరికి జాతీయ ఛాంపియన్ అయింది కూడా. ఆ పథకం ఎవరిదో చూసినవాళ్లందరికీ తెలుసు.

హోకీ_బాబు:
శారద గారు మంచి మాట అన్నారు. ఫోస్టర్ డిఫెన్స్ వాళ్ల సొట్టలు పడ్డ ఆ రేకు లంచ్ డబ్బా గుర్తుందా? వారం వారం బాగా కష్టపడ్డ డిఫెన్స్ ఆటగాడి చేతికి వచ్చేది. కుర్రాళ్లు దాన్ని ట్రోఫీలా మోసేవారు.
గట్టు గారూ, మీకో ప్రశ్న. 2000 జనవరిలో షుగర్ బౌల్ అనే పెద్ద మ్యాచ్‌లో మనం ఫ్లోరిడా స్టేట్‌తో 46-29 తేడాతో ఓడాం. ఆ రోజు ఇద్దరు హెడ్ కోచ్‌లు, వాళ్ల బౌడెన్, మన బీమర్, ఇప్పుడు హాల్‌లో ఉన్నారు. అవతలి డిఫెన్స్ నడిపిన మిక్కీ ఆండ్రూస్ 1984 నుంచి 2009 దాకా అక్కడే పనిచేసి, మొట్టమొదటి బ్రాయిల్స్ అవార్డు గెలిచారు. ఆయనా బయటే, ఫోస్టరూ బయటే. ఇద్దరూ కాకతాళీయంగా మిగిలిపోయారంటారా?

గోదావరి_గట్టు:
ఆండ్రూస్ సంగతి మాత్రం నిజంగా ఆలోచించాల్సిందే. అయినా ఒక్క మ్యాచ్ పథకం చూసి కెరీర్‌కి కిరీటం పెట్టలేం. తలుపు తెరిస్తే ప్రతి కాలేజీ వాళ్లూ తమ అసిస్టెంట్‌ని పట్టుకొస్తారు. ఎక్కడ గీత గీస్తారు?

శారద_రిచ్‌మండ్:
కోఆర్డినేటర్‌గా, అంటే డిఫెన్స్ లాంటి ఒక విభాగాన్ని నడిపే కోచ్‌గా, 20 ఏళ్లు. ఓటు ఆ కోఆర్డినేటర్ జట్టు మీద ఆడిన హెడ్ కోచ్‌లకే ఇవ్వండి, సొంత కాలేజీకి వద్దు. ఏ డిఫెన్స్ తమకి నిద్ర లేకుండా చేసిందో వాళ్లకి బాగా తెలుసు.