రాగి బుల్లెట్లు, అడవిపంది వేట: కొత్తగా వచ్చిన కావలి తమ్ముడికి జవాబులు

కావలి, ఇప్పుడు శాన్‌హోసే

అందరికీ నమస్కారం. మాది కావలి దగ్గర పల్లె. హెచ్-1బి మీద వచ్చి తొమ్మిది నెలలైంది. మా ఆఫీసులో ఒకాయన ప్రతి ఏడూ పాసో రోబుల్స్ వైపు అడవిపందుల వేటకు వెళ్తాడు. ఈసారి నన్నూ రమ్మన్నాడు. తన రెండో రైఫిల్ ఇస్తానన్నాడు, 308 విన్‌చెస్టర్ అనే సైజు తూటా పట్టేది. కాలిఫోర్నియాలో వేటకు సీసం బుల్లెట్ వాడకూడదట, రాగిదే కావాలట. షాపుకు వెళ్తే నాలుగైదు కంపెనీలవి ఉన్నాయి, ఇరవై తూటాల పెట్టె యాభై డాలర్లు చెప్పారు. వీటిలో ఏది గురిగా పోతుంది? ఏది పందిని అక్కడికక్కడే పడేస్తుంది? వాడినవాళ్ళు చెప్పండి.

ఉదయగిరి, ఇరవై రెండేళ్ళుగా శాక్రమెంటో

తమ్ముడూ, బుల్లెట్ సంగతి తర్వాత. ముందు నీ వీసా సంగతి తేల్చుకో.

హెచ్-1బి, హెచ్-4, ఎల్-1, ఎఫ్-1, వీటిలో దేని మీద ఉన్నా ఫెడరల్ చట్టం ప్రకారం తుపాకి గానీ తూటా గానీ దగ్గర ఉంచుకోకూడదు. కొనడం ఒక్కటే కాదు. స్నేహితుడి రైఫిల్ నీ చేతికి వచ్చినా, షూటింగ్ రేంజిలో గంటసేపు అద్దెకు తీసుకున్నా అదే లెక్క. మినహాయింపుల్లో మనకు పనికొచ్చేది ఒకటే: ఏదో ఒక అమెరికా రాష్ట్రం ఇచ్చిన, గడువు దాటని వేట లైసెన్స్. గ్రీన్ కార్డు వచ్చినవాళ్ళకు ఈ నిషేధం లేదు. మన పిల్లలు లైసెన్స్ లేకుండా రేంజికి వెళ్ళి ఫోటోలు పెడుతుంటే చూసి నాకు టెన్షన్ వస్తుంది.

కాలిఫోర్నియా లైసెన్స్‌కి ముందు హంటర్ ఎడ్యుకేషన్ అనే వేట శిక్షణ పాసవ్వాలి. ఆరు నెలలు దాటాయి కాబట్టి నీకు స్థానికుల ఫీజే. ఆ లైసెన్స్ జూలై 1 నుంచి జూన్ 30 దాకానే చెల్లుతుంది. పందుల వేట ఏడాది పొడుగునా ఉంటుంది కదా అని జూలైలో పాత లైసెన్స్ జేబులో పెట్టుకుని వెళ్ళావో, నీ మినహాయింపు పోయినట్టే. సిటిజన్‌కి అది జరిమానాతో పోతుంది. నీకు వీసా దాకా వస్తుంది.

సీసం నిషేధం 2019 జూలై 1 నుంచి రాష్ట్రమంతా ఉంది, చట్టం చేసింది 2013లో. రేంజిలో ప్రాక్టీసుకి సీసం వాడొచ్చు. కానీ వేటలో ఉండగా ఆ రైఫిల్‌కి పట్టే సీసం తూటా ఒక్కటి జేబులో మిగిలి ఉన్నా తప్పే. బయలుదేరే ముందు జేబులు, బ్యాగు దులుపుకో.

పొదిలి, ఇప్పుడు ఫ్రెస్నో

అన్న చెప్పింది పూర్తయ్యాకే ఇది చదువు.

రాగిలో మొదట పట్టించుకోవాల్సింది బరువు. సీసం ఘనపు సెంటీమీటరుకి 11.3 గ్రాములు తూగితే రాగి 9 గ్రాములకు కాస్త తక్కువ. అందుకని అంతే బరువుకి రాగి బుల్లెట్ పొడుగ్గా తయారవుతుంది. పొడుగుది గాల్లో నిలకడగా పోవాలంటే ఇంకా వేగంగా తిరగాలి, అన్ని బ్యారెళ్ళూ అంత తిప్పలేవు. సీసంలో 165 గ్రెయిన్లు (బుల్లెట్ బరువుకి వాడే చిన్న కొలత) వాడేవాళ్ళు రాగికి వచ్చేసరికి 150కో 130కో దిగేది అందుకే. తేలికైతే వేగం కూడా పెరుగుతుంది. రాగికి కావాల్సిందే వేగం. సీసం మెత్తన, నిదానంగా తగిలినా చితుకుతుంది. రాగి అలా కాదు. ముక్కులో ఉన్న గుంటలోకి గట్టి ఒత్తిడి పడితేనే రేకులు విచ్చుకుంటాయి. తగిలేచోట సెకనుకు 2000 అడుగుల వేగం మిగలాలని నేను పెట్టుకున్న లెక్క. 308లో 150 గ్రెయిన్లది బ్యారెల్ దాటేటప్పుడు 2800 చిల్లర ఉంటుంది, 300 గజాల దగ్గర కూడా 2000 పైనే. నువ్వు పందిని కొట్టేది ఎక్కువగా వంద గజాల లోపే.

గురి విషయంలో ఏ కంపెనీ మేలు అనేది నీ చేతిలో ఉన్న రైఫిల్ చెప్పాలి. బార్న్స్ టీటీఎస్ఎక్స్, హార్నడీ సీఎక్స్, ఫెడరల్ ట్రోఫీ కాపర్, నోస్లర్ ఈ-టిప్, అన్నీ మంచివే. నా దాంట్లో నీలం ముక్కు బార్న్స్ 150 వంద గజాల దగ్గర మూడు దెబ్బలూ రూపాయి బిళ్ళ కింద దాగుతాయి. ఇంకో కంపెనీది అరచేతి వెడల్పున చెదిరింది. చెదిరిన ఆ పెట్టె మా స్నేహితుడికి ఇస్తే అతని రైఫిల్‌లో నా బార్న్స్ కంటే బాగా పడింది. రెండు మూడు రకాలు ఒక్కో పెట్టె కొనుక్కుని, బ్యారెల్ చల్లారనిస్తూ కాల్చి చూడు. ఏది కుదిరితే దానికే స్కోపు సరిచేసుకో. రకం మారితే దెబ్బ పడే చోటూ మారుతుంది.

అంతకంటే ముందు బ్యారెల్ కడుగు. పాత బుల్లెట్ల తొడుగు రాగి లోపల పట్టి ఉంటుంది, దాని మీద స్వచ్ఛమైన రాగి కాలిస్తే గురి చెదురుతుంది. రాగి వదిలించే ద్రవం పోసి గుడ్డముక్క తోస్తే నీలం మరకతో బయటికి వస్తుంది. గుడ్డ తెల్లగా వచ్చేదాకా తోయి. నాకు ఒకసారి సాయంత్రమంతా పట్టింది.

ఇక పంది. భుజం వెనకగా ఊపిరితిత్తులకు కాకుండా భుజానికే కొట్టు. రాగి ఎముకను విరుచుకుని పోతుంది, పంది కదల్లేదు. చాలాసార్లు బుల్లెట్ అవతలికి దూసుకుపోతుంది కాబట్టి వెనక ఇంకో పందో మనిషో లేరని చూసుకో. నాకు తిరిగి దొరికిన బుల్లెట్ ఒక్కటే, ఏటవాలుగా కొట్టినప్పుడు అవతలి చర్మం కింద ఆగింది. పత్తికాయ విచ్చినట్టు నాలుగు రేకులు వెనక్కి ముడుచుకుని ఉన్నాయి. కడిగి, బంగారం తూచే చిన్న కాటాలో పెడితే 149 గ్రెయిన్లు. పోయింది ఒక్క గ్రెయిను.

ఒంగోలు, పదిహేనేళ్ళుగా డల్లాస్

నేను ఒప్పుకోను. మా టెక్సాస్‌లో పందికి ఈ నిబంధన లేదు, అయినా ఒక ఏడాది రాగి వాడి చూశాను. పెద్ద మగపందికి సరిగ్గా తగిలింది. సూది దూరినట్టు ఇటు దూరి అటు పోయింది. నెత్తురు చుక్క లేదు. చీకట్లో ముళ్ళపొదల్లో మూడు గంటలు వెతికాం, దొరకలేదు. ఒక జంతువును గాయపరిచి వదిలేశానన్న బాధ ఇప్పటికీ ఉంది. సీసంతో నాకు అలా ఎప్పుడూ జరగలేదు. కొత్తవాడికి డబ్బు ఎక్కువ పెట్టించి ఇలాంటి అనుభవం ఇవ్వకండి.

పొదిలి, ఇప్పుడు ఫ్రెస్నో

అన్నా, ఎంత దూరం? ఎంత బ్యారెల్? ఎన్ని గ్రెయిన్లు?

ఒంగోలు, పదిహేనేళ్ళుగా డల్లాస్

పదహారు అంగుళాల బ్యారెల్, 168 గ్రెయిన్లు, 280 గజాలు.

పొదిలి, ఇప్పుడు ఫ్రెస్నో

తప్పు అక్కడే జరిగింది అన్నా. పొట్టి బ్యారెల్‌లో వేగం తగ్గుతుంది, బరువు బుల్లెట్‌తో ఇంకా తగ్గుతుంది, పైగా అంత దూరం. తగిలేసరికి రేకులు పూర్తిగా విచ్చుకునే వేగం మిగల్లేదు. అదే తుపాకితో 130 గ్రెయిన్లు పెట్టి 150 గజాల్లో కొట్టి ఉంటే ఈ మాట అనేవాడివి కాదు. ఇక తమ్ముడిది కాలిఫోర్నియా, సీసం వాడమని చెప్పడానికి లేదు.

కనిగిరి, ఇప్పుడు మినెసోటా

మీరిద్దరూ పంది పడిందా లేదా అనే మాట్లాడుతున్నారు. ఆ మాంసం ఇంటికి వచ్చాక పిల్లలకు పెట్టేదాన్ని నేను. మా ఆయన ప్రతి నవంబర్లో జింక తెస్తాడు, కోసి సర్దేది నేనే.

2008లో మా పక్కనే నార్త్ డకోటాలో పేదలకు దానంగా ఇచ్చిన జింక కైమాలో సీసం తునకలు దొరికాయి, ఆ మాంసం పారేయమన్నారు. తర్వాత అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ వాళ్ళు 738 మంది రక్తం పరీక్షిస్తే వేట మాంసం తినేవాళ్ళలో సీసం కాస్త ఎక్కువగా కనిపించింది. కొద్దిగానే. కానీ పిల్లలకు ఇంతవరకు ఫరవాలేదు అనే మోతాదు సీసానికి లేదు. బుల్లెట్ చితికినప్పుడు ఇసుక రవ్వ కంటే చిన్న తునకలు గాయానికి జానెడు దూరం దాకా వెళ్తాయి. వేలికి తగలవు, పంటికి తగలవు.

నేను కనిగిరి బోరు నీళ్ళు తాగి పెరిగాను. నీళ్ళు తేటగానే ఉండేవి. ఆ ఫ్లోరైడ్‌తోనే మా నాయనమ్మ నడుము వంగిపోయింది. కంటికి కనపడనిది ఒంట్లో చేరితే ఏమవుతుందో మన ప్రాంతం వాళ్ళకి ఒకరు చెప్పక్కర్లేదు. చట్టం ఉన్నా లేకపోయినా మా ఇంటికి రాగితో కొట్టిందే రావాలి అని చెప్పేశాను.

తమ్ముడూ, అడవిపందిలో పురుగులు ఉంటాయి. లోపల 71 డిగ్రీల సెల్సియస్ దాటేదాకా ఉడకాలి. థర్మామీటర్ కొనుక్కో.

గిద్దలూరు, ఇప్పుడు లాస్ ఏంజలస్

ఈ చట్టం ఎందుకు వచ్చిందో ఎవరూ చెప్పలేదు. ముఖ్యంగా కాండోర్ అనే రాబందు కోసం. 1982 నాటికి ప్రపంచంలో 22 మిగిలాయి. వేటగాళ్ళు వదిలేసిన పేగులు తిని, వాటిలోని సీసంతో చచ్చిపోయేవి. పట్టుకొచ్చి పిల్లలు చేయించి మళ్ళీ వదిలారు. ఇప్పుడు ఐదొందలు దాటాయి.

మా చిన్నప్పుడు ఊరి బయట గొడ్డు చస్తే గంటలో రాబందులు దిగేవి. తర్వాత కనిపించడం మానేశాయి. గొడ్లకు వేసిన డైక్లోఫెనాక్ మందు వాటి మూత్రపిండాలను చంపిందని ఎప్పటికో తెలిసింది. 2006లో పశువులకు ఆ మందు నిషేధించేసరికి చాలా ఆలస్యమైంది. పిన్నకిల్స్ పార్కులో మొదటిసారి కాండోర్ రెక్కలు చాచి తల మీదుగా పోతుంటే మా ఊరి చెరువు గట్టు గుర్తొచ్చి కళ్ళు తడిశాయి. యాభై డాలర్లు నాకు ఎక్కువ అనిపించదు.

వింజమూరు, ఇప్పుడు ఫ్రీమాంట్

బుల్లెట్లు పెద్దలు చెప్పారు. నేను బ్యాగు గురించి చెప్తాను.

2018లో మా చెల్లెలి పెళ్ళికి బయలుదేరాను. వేటకు వాడే వీపు బ్యాగులోనే బట్టలు సర్దాను. ఇక్కడ ఎవరూ ఆపలేదు. మన దేశంలో దిగి, ఇంకో విమానం ఎక్కబోతుంటే స్కానర్ దగ్గర పక్కకు రమ్మన్నారు. పక్క అరలో కుట్టు చిరిగి లోపల పొరలోకి జారిన ఒక్క తూటా. ఆయుధాల చట్టం 25వ సెక్షన్ అన్నారు. నా వేట లైసెన్స్ చూపిస్తే, ఇక్కడ అది చెల్లదు అన్నారు. నిజమే, చెల్లదు. రాత్రంతా స్టేషన్లో బల్ల మీద కూర్చున్నాను. పాస్‌పోర్టు తీసుకున్నారు. అక్కడ ఒక అధికారి ఆ తూటా నీలం ముక్కు చూసి ఇది పేలుడు బుల్లెట్టా అని నలుగురి ముందూ అడిగాడు. నేను రాగి, సీసం, పందులు అని చెప్తుంటే రాసుకునేవాళ్ళు లేరు.

పెళ్ళి తెల్లవారుజామున. తాళి కట్టే సమయానికి నేను లాయరు ఆఫీసు మెట్ల మీద ఉన్నాను. తెలిసి దగ్గర పెట్టుకోలేదని హైకోర్టులో చెప్పుకుని కేసు కొట్టేయించుకునేసరికి ఏడు నెలలు పట్టింది. ఉద్యోగం నిలబడింది మా మేనేజర్ దయవల్ల.

వేటకు ఒక బ్యాగు, ప్రయాణానికి ఒక బ్యాగు. కాలిన ఖాళీ తూటా కూడా గుర్తుగా ఇంటికి తీసుకెళ్ళొద్దు.

ఒంగోలు, పదిహేనేళ్ళుగా డల్లాస్

ఇది చదివి ఇప్పుడే లేచి వెళ్ళి నా బ్యాగులన్నీ దులిపాను. రెండు దొరికాయి.

కావలి, ఇప్పుడు శాన్‌హోసే

అందరికీ చాలా చాలా థాంక్స్. హంటర్ ఎడ్యుకేషన్‌లో చేరాను. లైసెన్స్ వచ్చేదాకా రైఫిల్ ముట్టుకోనని ఆయనకు చెప్పేశాను. మా పల్లెలో వేరుశనగ చేలో పందుల కోసం పెట్టిన కరెంటు తీగ తగిలి మా పక్కింటి మామ పోయాడు. అప్పటినుంచి పందిని చంపడం అంటే సరైన పద్ధతి ఒకటి ఉండాలని నాకు మనసులో ఉంది. ఆయన రైఫిల్ పాతది, ఇరవై రెండు అంగుళాల బ్యారెల్, బ్యారెల్ లోపలి గాడి పన్నెండు అంగుళాలకు ఒక చుట్టు తిరుగుతుంది అన్నాడు. ఏ బరువు తీసుకోను?

పొదిలి, ఇప్పుడు ఫ్రెస్నో

పన్నెండుకు ఒక చుట్టు అంటే నిదానంగా తిప్పే బ్యారెల్. 150 దాటొద్దు. 130 ఒక పెట్టె, 150 ఒక పెట్టె తీసుకో. లైసెన్స్ వచ్చిన వారం చెప్పు, ఫ్రెస్నో రేంజికి రా. గుడ్డముక్కలు, రాగి మందు నేను తెస్తాను.