రంగైలుండలో చిన్న విమానం దింపాలంటే ఏమేం చూసుకోవాలి?

గంజాం గాలి: భువనేశ్వర్ నుంచి బరంపురం పక్కనున్న రంగైలుండ ఎయిర్‌స్ట్రిప్‌కి నాలుగు సీట్ల సెస్నా 172 తెచ్చేవాళ్లకి పనికొచ్చే వివరాలు ఇక్కడ రాయండి. పాత మిలిటరీ రన్‌వేల సంగతులు తెలిసినవాళ్లు తప్పకుండా చెప్పాలి.

గోపాల్‌పూర్ తీరం: అన్నిటికంటే ముందు ఫైరింగ్ నోటామ్ (పైలట్లకి ఇచ్చే హెచ్చరిక ప్రకటన) చూడండి. గోపాల్‌పూర్‌లో ఆర్మీ ఎయిర్ డిఫెన్స్ కాలేజీ ఉంది. సముద్రం వైపు గన్‌లు పేలుస్తారు, పైలట్ లేని టార్గెట్ విమానాలు ఎగరేస్తారు. నోటామ్‌లో టైము యూటీసీలో (అంతర్జాతీయ ప్రామాణిక సమయంలో) ఉంటుంది, మన టైము కోసం 5:30 గంటలు కలపాలి. 0330 అని ఉంటే మనకి ఉదయం 9 గంటలు. అది కలపకపోతే ఫైరింగ్ మొదలైన వేళకే రేంజ్ మీదికి చేరతారు. ఊరి పేరు చూసి ఊరుకోకుండా అక్షాంశ రేఖాంశాలు చార్టు మీద గీయండి. ఎత్తు హద్దూ రాసుకోండి.

ఛత్రపురం చార్టు: స్ట్రిప్ రాష్ట్ర ప్రభుత్వానిది, కాబట్టి అనుమతి ముందే రాతపూర్వకంగా తీసుకోవాలి. ఫ్లైట్ ప్లాన్ వేశాక ఏడీసీ (ఎయిర్ డిఫెన్స్ క్లియరెన్స్), ఎఫ్‌ఐసీ (ఫ్లైట్ ఇన్ఫర్మేషన్ సెంటర్) నంబర్లు రెండూ చేతికొచ్చేదాకా కదలొద్దు. ఏడీసీ లేకుండా లేస్తే వైమానిక దళం రాడార్‌లో మీరు గుర్తు తెలియని విమానమే. దిగాక ఆ కబురు మీరే అందించాలి, లేదంటే మీకోసం వెతుకులాట మొదలవుతుంది. సూర్యాస్తమయం అయిన 20 నిమిషాల తర్వాత వీఎఫ్‌ఆర్ (కంటితో బయట చూస్తూ ఎగరడం) కుదరదు. తిరుగు ప్రయాణం ఆ లెక్కలోనే పెట్టుకోండి.

రెంచి గారు: యుద్ధకాలపు రన్‌వేలంటే అందరూ పొడవు గురించే అడుగుతారు. మయూర్‌భంజ్‌లోని అమర్దా రోడ్ లాంటివి బరువైన బాంబర్లు కూడా దిగినవి, పొడవుకి లోటుండదు. చూడాల్సింది పైపొర. పగుళ్లలో గడ్డి మొలిచి కంకర పైకి లేస్తుంది, ప్రొపెల్లర్ దాన్ని లాక్కుంటుంది. అందుకే రాళ్లున్నచోట ఆగి రన్‌అప్ (టేకాఫ్‌కి ముందు ఇంజన్ వేగం పెంచి చూసే పరీక్ష) చేయకూడదు. టేకాఫ్‌కి కదులుతూ పవర్ మెల్లగా పెంచాలి. ఇంజన్ ఆపాక ప్రొపెల్లర్ బ్లేడు ముందంచు మీద గోరు పెట్టి లాగండి. గోరు తట్టుకునే గాటు ఉంటే ఏఎంఈ (విమాన మెయింటెనెన్స్ ఇంజనీర్) చూసి నునుపు చేసేదాకా ఎగరొద్దు, బ్లేడు పగులు అక్కణ్ణుంచే మొదలవుతుంది. తీరం కాబట్టి ఇంటికెళ్లాక మంచినీళ్లతో ఉప్పు కడిగేయండి. కీళ్లూ కంట్రోల్ కేబుళ్లూ మర్చిపోవద్దు.

కొండగాలి జయపురం: రంగైలుండ సముద్ర మట్టం దగ్గర కాబట్టి అక్కడ టేకాఫ్ తేలిక. అదే లెక్క జయపురానికి వాడితే కొంప మునుగుతుంది. ఇక్కడ ఎత్తు దాదాపు 2,000 అడుగులు, ఆ ఎత్తుకి ప్రామాణిక ఉష్ణోగ్రత 11 డిగ్రీలు. వేడి పెరిగితే గాలి పలచబడుతుంది, ఇంకా ఎత్తుకి వెళ్లినట్టే. మే నెలలో 40 ఉంటే తేడా 29. డిగ్రీకి 120 అడుగుల చొప్పున 3,480. దీన్ని ఊరి ఎత్తుతో కలిపితే విమానానికి అందేది దాదాపు 5,500 అడుగుల ఎత్తులో ఉండేంత పలచటి గాలే. టర్బో లేని ఇంజన్ శక్తి ఆరో వంతు దాకా పడిపోతుంది, పైగా చుట్టూ కొండలు. 2022లో ఉడాన్ (చిన్న ఊళ్లకి విమానాలు నడిపే కేంద్ర పథకం) కింద ఇక్కడికి వచ్చిన 9 సీట్ల సెస్నా కారవాన్‌ది టర్బైన్ ఇంజన్, దాన్ని చూసి 172 కూడా అలాగే లేస్తుందనుకోవద్దు.

గంజాం గాలి: పెట్రోలు సంగతి?

రెంచి గారు: అవ్‌గ్యాస్ (విమాన పెట్రోలు) రంగైలుండలో దొరుకుతుందన్న ఆశే పెట్టుకోకండి తమ్ముడూ. భువనేశ్వర్ నుంచి గాలిలో ఒకవైపు దాదాపు 145 కిలోమీటర్లు, 45 నిమిషాలు. గంటకి 35 లీటర్ల లెక్కన రాకపోకలకి 53, అరగంట రిజర్వుకి 18. ట్యాక్సీ, ఎదురుగాలి, రన్‌వే మీద పశువులుంటే రెండు చుట్లు, అన్నీ కలిపి 100 లీటర్లకి తక్కువ వద్దు. బయల్దేరేముందు ప్రతి ఇంధన డ్రెయిన్ నుంచీ కొంచెం పెట్రోలు పట్టి చూడండి. నీలంగా ఉండాలి, అడుగున నీటి బొట్టు కనిపిస్తే అది పోయేదాకా మళ్లీ మళ్లీ తీయండి.