ఫోన్లు బిగించే దశను దాటడం ఎలా?

ప్రశ్న (విజయవాడ):
శ్రీసిటీ, తిరుపతి పరిసరాల్లో ఫోన్లు తయారవుతున్నాయని గర్వంగా చెప్పుకుంటున్నాం. అయితే చిప్పులు, డిస్‌ప్లేలు చాలావరకు బయటి నుంచే వస్తున్నప్పుడు మనకు దక్కేది బిగింపు కూలి మాత్రమే కదా? ఈ దశను దాటిన దేశాలు ఏ దారిలో నడిచాయో తెలిసినవారు వివరించగలరు.

జవాబు 1 (గుంటూరు, అర్థశాస్త్ర అధ్యాపకుడు):
తైవాన్ అనుభవం చూడండి. అక్కడి ప్రభుత్వం 1973లో ఐటీఆర్‌ఐ అనే పరిశోధన సంస్థను నెలకొల్పి, 1976లో అమెరికా కంపెనీ ఆర్‌సీఏ నుంచి చిప్పుల పరిజ్ఞానాన్ని ఒప్పందంపై తెచ్చుకుని, యువ ఇంజనీర్లను అక్కడికే శిక్షణకు పంపింది. ఆ సంస్థ నుంచే 1980లో యూఎంసీ, 1987లో టీఎస్‌ఎంసీ అనే చిప్పుల తయారీ కంపెనీలు పుట్టుకొచ్చాయి. యంత్రాలను కొనడం తేలికే, వాటిని నడిపే మనుషులను తయారుచేయడానికే ఏళ్లు పట్టింది.

జవాబు 2 (విజయవాడ):
మలేషియాను మరువకండి. 1972లోనే అమెరికా చిప్పుల కంపెనీ ఇంటెల్ అక్కడి పెనాంగ్‌కు వచ్చినా, ఆ దేశం నేటికీ ప్రధానంగా చిప్పుల ప్యాకేజింగ్ (తయారైన చిప్పును రక్షణ తొడుగులో అమర్చడం), పరీక్షల దశలోనే పేరు పొందింది. విదేశీ కంపెనీ వచ్చినంత మాత్రాన పరిజ్ఞానం దానంతటదే స్థానికులకు అబ్బదు.

జవాబు 3 (ఆటోనగర్, అచ్చుల తయారీదారు):
2020 నాటి కేంద్ర ప్రభుత్వ పీఎల్‌ఐ (ఉత్పత్తి ఆధారిత ప్రోత్సాహక) పథకం ప్రోత్సాహకాలను అమ్మకాల పెరుగుదలతో ముడిపెట్టింది, 2025లో రూ.22,919 కోట్లతో ఆమోదించిన పథకం విడిభాగాల కోసమే వచ్చింది. మా ఆటోనగర్‌లో లేత్ పనివారికి కొదవ లేదు గానీ, ఫోన్ భాగాల అచ్చులకు కావలసిన మైక్రాన్ల (మిల్లీమీటరులో వెయ్యో వంతు) కొలత వేరు. ఆ కొలతను పరీక్షించే ఉమ్మడి ప్రయోగశాల ఒకటి దగ్గరలో ఉంటే, సబ్సిడీకన్నా ముందు దాన్నే అడుగుతాను.