సమస్య: అడుగు వేయని వేటగాఁ డడవి దాటె

నిర్వాహకుడు:
ఈసారి సమస్య మా ఇంటి గోడ మీది నుంచే వచ్చింది. ఫ్లెమిష్ చిత్రకారుడు బ్రూగెల్ 1565లో వేసిన ‘మంచులో వేటగాళ్లు’ చిత్రానికి చేత్తో వేయించిన తైలవర్ణపు నకలును మా అమ్మాయి కానుకగా పంపింది. ముగ్గురు వేటగాళ్లు తలలు వంచుకుని కొండ దిగుతున్నారు. వాళ్ల వెంట కుక్కల గుంపు. దిగువన గడ్డకట్టిన చెరువుల మీద జనం జారుడాటలు ఆడుతున్నారు. రెండు వారాలుగా చూస్తున్నాను, ఎత్తిన కాలు ఎత్తినట్టే ఉంది. పాదం దానంతట అదే పలికింది. దీన్ని చివరి పాదంగా పెట్టి పద్యం పూరించండి. ముందు మాటతో కలిసేటప్పుడు యడాగమం వస్తే ‘యడుగు’ అని రాసుకోవచ్చు.

కృష్ణాతీరం:
చుట్ట మొక్కఁడు చిత్రంబుఁ జుట్టి పట్టి
నగరమును వీడి రాత్రికే నల్లమలను
బస్సులోఁ జొచ్చె, నాతని పటములోని
యడుగు వేయని వేటగాఁ డడవి దాటె.

ఛందోవ్యసని:
కృష్ణాతీరం గారూ, పూరణ హాయిగా నడిచింది. బ్రూగెల్ వేటగాడిని శ్రీశైలం బస్సు ఎక్కించడం మీకే తట్టాలి. అంతకంటే సంతోషం, ‘నల్ల’ ఒక గణం (పాదాన్ని కొలిచే అక్షరాల గుంపు), ‘మలను’ ఒక గణం అయ్యాయి. శివరాత్రి సమస్యకు ఇదే ‘నల్లమల’ను మీరు ఒక్క ఇంద్రగణంలో కుక్కారు, ఆ మాట అందులో ఇమడదు. నేను ఎత్తిచూపితే పది రోజులు మాట్లాడలేదు.

కృష్ణాతీరం:
ఆ పద్యాన్ని ఆ రాత్రే దిద్దాను. దిద్దిన పాఠాన్ని మీరు చూడనేలేదు. మీ పూరణ ఏదీ?

కుంచెమ్మ:
మీ ఇద్దరి మధ్యకు వస్తున్నందుకు మన్నించండి. ‘చుట్టి పట్టి’ దగ్గర నా మనసు ఆగిపోయింది. కాన్వాసు మీది తైలవర్ణాన్ని చుట్టవలసి వస్తే రంగున్న వైపు బయటికి ఉండాలి. లోపలికి చుడితే రంగు పొర నలిగి పగుళ్లిస్తుంది. పద్యంలో అది చెప్పనక్కరలేదు, కానీ ఆ చుట్టానికి ఎవరైనా చెప్పాలి. అసలు చిత్రానికి ఈ బాధ లేదు, అది ఓక్ చెక్క మీద వేసినది.

ఛందోవ్యసని:
అడిగారు గనుక:

చెవులపిల్లి తా విడిచిన చిన్న జాడ
వెంటఁ బోవక దిగువకు వెడలునపుడు
కాలు జాఱెడి మంచైనఁ గాని తప్పు
అడుగు వేయని వేటగాఁ డడవి దాటె.

వేటగాళ్ల ముందు మంచులో కుందేలు అడుగుజాడలున్నాయి, చూడండి. అది వీళ్లకు దక్కలేదు.

నిర్వాహకుడు:
భలే! అడుగును ‘తప్పు అడుగు’ చేయడంతో సమస్యలోని ముడి మొత్తం విడిపోయింది. ఆ జాడలను నేను ఇన్నాళ్లూ గడ్డిపరకలనుకున్నాను.

కృష్ణాతీరం:
విరుపు గొప్పది, ఒప్పుకుంటాను. కానీ ‘తప్పు’ మీద ‘అడుగు’ పడితే నడుమ టకారం చేరే టుగాగమం రావద్దా? మనం అనేది తప్పటడుగు. నా గణం దగ్గర అంత పట్టింపు చూపినవారు ఇక్కడ సంధిని గాలికి వదిలేశారు.

ఛందోవ్యసని:
నాలుగో పాదాన్ని ‘టడుగు’తో మొదలుపెట్టినా ‘డడవి’లోని డకారంతో యతి (పాదం మొదటి అక్షరానికి నడిమి అక్షరంతో కుదరవలసిన పొత్తు) చెల్లుతుంది. అలాగే రాసుకున్నాను కూడా. ఇచ్చిన పాదం మొదటి అక్షరాన్ని మార్చడానికి మనసొప్పలేదు. అది నా తప్పే. ‘టడుగు’గా చదువుకోండి.

కృష్ణాతీరం:
అలా చదివితే ఈ వారపు పూరణ మీదే.

కుంచెమ్మ:
పాప బొమ్మపై వ్రేలినిఁ బాదముగను
చెట్ల వరుసల నడుమగాఁ జెఱువు దనుక
నడిపె నొకసారి, గోడపై నాఁటినుండి
యడుగు వేయని వేటగాఁ డడవి దాటె.

పాతపాఠకుడు:
అమ్మా, ‘వ్రేలినిఁ బాదముగను’ దగ్గర కళ్లు చెమర్చాయి. ‘నాఁటినుండి’ అంటే ఏనాటి నుంచో మాత్రం పద్యంలో లేదు. అదొక్కటే వెలితి.

నేను వియన్నాలోనే ఉంటాను. కళాచరిత్ర మ్యూజియంలో ఈ చిత్రం ముందు ఎన్నోసార్లు నిలబడ్డాను. ఎత్తు 117, వెడల్పు 162 సెంటీమీటర్లు. ఆంట్వెర్ప్ వర్తకుడు యోంగెలింక్ కోసం వేసిన ఋతుచిత్రాల వరుసలో ఇప్పుడు ఐదే మిగిలాయి. మూడు ఇక్కడ, ఒకటి ప్రాగ్‌లో, ఒకటి న్యూయార్క్‌లో ఉన్నాయి. నిర్వాహకుల వారికి ఒక ప్రశ్న. మీ నకలులో వేటగాడి భుజం మీది ఈటెకు నక్క వేలాడుతోందా?

నిర్వాహకుడు:
ఇప్పుడే కుర్చీ వేసుకుని చూశాను. నక్క లేదు, ఉత్త ఈటె. పూటకూళ్ల ఇంటి పలక మాత్రం ఒక్క కొక్కెం మీద వేలాడుతూ ఉంది, దాని మీద జింక కూడా ఉంది.

పాతపాఠకుడు:
అయితే ఆ నకలు వేసినవారు బొమ్మ గుండెను వదిలేశారు. ముగ్గురు మనుషులు, అన్ని కుక్కలు, అంత చలి. 1564–65 చలికాలం యూరప్‌ను గడ్డకట్టించింది. చిత్రంలో మిల్లు చక్రం కూడా మంచు పట్టి ఆగిపోయింది. అంత పాటుకు దక్కింది ఒక్క బక్క నక్క. ఆ తలలు వంగి ఉన్నది అందుకే. నక్క లేకపోతే వాళ్లు ఉత్తినే ఇంటికి నడుస్తున్నవాళ్లవుతారు.

ఛందోవ్యసని:
ఆ నక్క యతిస్థానంలో ఉంది. అక్షరం చిన్నదే, అది జారితే పాదం నిలవదు.

కృష్ణాతీరం:
ఈ మాటకు నాకు ఎదురు లేదు. నా ‘నల్లమల’కూ ఇది వర్తిస్తుంది.

నిర్వాహకుడు:
మా అమ్మాయికి ఎలా చెప్పాలో తోచడం లేదు. ఎంతో మురిసిపోయి పంపింది.

కుంచెమ్మ:
ఏమీ చెప్పకండి. పటం నాకు పంపండి, నక్కను నేను వేస్తాను. పాతపాఠకుడు గారు ఈటె దగ్గరి ఫోటో ఒకటి తీసి పంపితే చాలు. తైలవర్ణం ఆరడానికి వ్యవధి కావాలి గనుక తొందరపెట్టకండి. చట్రం నుంచి విప్పి పంపేటట్టయితే, రంగు బయటికి ఉండేలా చుట్టండి.