మళ్లీ మహమ్మారి వస్తే ఇంటికొచ్చే సరుకులు, పార్సిళ్లు తుడవాలా?

రేపటిమాట:
మా ఇంట్లో ఈ వాదన ఇంకా తెగలేదు. కరోనా రోజుల్లో బయటి నుంచి ఏది వచ్చినా గుమ్మం దగ్గరే ఆపేవాళ్లం. ప్యాకెట్లన్నీ ఒక్కొక్కటిగా తుడిచి, కూరగాయలు నానబెట్టి, అట్టపెట్టెలు ఎండలో పడేస్తే గానీ ఏదీ లోపలికి వచ్చేది కాదు. అదంతా అనవసర శ్రమని తేలిపోయింది కదా, ఇంకో మహమ్మారి వచ్చినా ఒక్క ప్యాకెట్ కూడా తుడవను అంటుంది మా అక్క. అలా తుడవబట్టే అందరం బాగున్నాం అంటారు నాన్నగారు. ఇద్దరూ వెనక్కి తగ్గరు.

నా ప్రశ్న కరోనా గురించి మాత్రమే కాదు. రేపు కొత్త రోగం ఏదో మొదలైంది, ఎలా సోకుతుందో ఇంకా ఎవరికీ సరిగ్గా తెలియదు అనుకోండి. అప్పుడు తుడవాలా, వద్దా? కారణంతో సహా చెప్పండి.

ఆచితూచి:
తుడవాలి. నాకు ఇందులో సందేహం లేదు.

2020 మార్చి 17న న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చిన పరిశోధన చూడండి. ప్లాస్టిక్ మీద 72 గంటలైనా బతికున్న కరోనా వైరస్ దొరికింది. స్టీలు మీద 48 గంటల తర్వాత కూడా ఉంది. అట్ట మీద 24 గంటలకు, రాగి మీద 4 గంటలకు గానీ పూర్తిగా పోలేదు. అదే ఏడాది అక్టోబరులో ఆస్ట్రేలియా పరిశోధకులు గాజు, స్టీలు, కరెన్సీ నోట్ల మీద 28 రోజుల దాకా నిలిచిందని చెప్పారు. ఇంటికొచ్చే వస్తువుల్లో సగం ప్లాస్టిక్ చుట్టినవే. ఎవరు పట్టుకున్నారో, ఎవరు తుమ్మారో మనకు తెలియదు. ఒక గుడ్డ, కాస్త సబ్బునీళ్లు, కొద్దిసేపు సమయం. ఇంతకంటే మనం పోగొట్టుకునేది ఏముంది?

ల్యాబ్‌కోటు:
ఆచితూచి గారూ, మీ అంకెలు సరైనవే. కానీ అవి ఎక్కడి నుంచి వచ్చాయో కూడా చూడాలి.

ఆ ప్రయోగాల్లో వైరస్ దండిగా ఉన్న ద్రవాన్ని చుక్కలుగా వేసి, ఎన్ని గంటలకు ఎంత మిగిలిందో కొలుస్తారు. 72 గంటలకు ప్లాస్టిక్ మీద మిగిలింది మొదట వేసినదాంట్లో వెయ్యో వంతు కూడా లేదు. సుమారు ప్రతి ఏడు గంటలకూ సగం సగం పోతూ వచ్చింది. ఆస్ట్రేలియా వాళ్ల 28 రోజుల లెక్క చీకట్లో, 20 డిగ్రీల దగ్గర చేసినది. అదే ప్రయోగంలో 40 డిగ్రీల దగ్గర కొన్ని వస్తువుల మీద ఒక రోజు కూడా నిలవలేదు. 'వైరస్ దొరికింది' అనే వార్తల్లో చాలావాటిలో దొరికింది వైరస్ జన్యు పదార్థం మాత్రమే. కరోనా వ్యాపించిన డైమండ్ ప్రిన్సెస్ విహార ఓడలో ప్రయాణికులు ఖాళీ చేసిన 17 రోజుల తర్వాత కూడా గదుల్లో అది కనిపించింది. అంటే సోకగల వైరస్ అక్కడ ఉందని కాదు.

ఇక దారి చూడండి. రోగి తుమ్మిన తుంపర సరిగ్గా ఆ ప్యాకెట్ మీదే పడాలి, ప్రయాణమంతా వైరస్ బతికుండాలి, ఎండిన పొర నుంచి మన వేలికి అంటాలి, చేయి కడుక్కునేలోపు ఆ వేలు కంట్లోకో ముక్కులోకో వెళ్లాలి, అప్పటికి రోగం తెచ్చేంత మోతాదు మిగిలి ఉండాలి. ప్రతి మెట్టు దగ్గరా చాలా భాగం పోతుంది. రట్గర్స్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు ఇమాన్యుయెల్ గోల్డ్‌మన్ 2020 జులైలోనే లాన్సెట్ ఇన్ఫెక్షస్ డిసీజెస్ అనే వైద్య పత్రికలో ఈ మాట రాశారు. రోగి తుమ్మిన చోటును గంటా రెండు గంటల్లోపు ఇంకొకరు ముట్టుకుంటేనే కాస్త ప్రమాదం ఉంటుందన్నారు. 2021 ఏప్రిల్‌లో అమెరికా ప్రభుత్వ వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ కూడా, వైరస్ ఉన్న ఉపరితలాన్ని ఒకసారి ముట్టుకుంటే సోకే అవకాశం సాధారణంగా పదివేలలో ఒకటి కంటే తక్కువని తేల్చింది.

పాత ప్రయోగం ఒకటి చెప్తాను, నాకు చాలా ఇష్టమైనది. విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో ఇలియట్ డిక్ బృందం చేసింది, 1987లో అచ్చయింది. జలుబు చేసినవాళ్లనీ ఆరోగ్యంగా ఉన్నవాళ్లనీ ఒకే గదిలో కూర్చోబెట్టి 12 గంటలు పేకాడించారు. ఆరోగ్యవంతుల్లో సగం మందికి చేయి ముఖం దాకా వెళ్లకుండా పట్టీలు కట్టారు. అయినా వాళ్లకూ మిగతావాళ్లతో దాదాపు సమానంగా జలుబు అంటుకుంది. తర్వాత రోగులు గంటల తరబడి ఆడి తడిసి జిగటగా మారిన పేకముక్కల్ని ఇంకో గదిలో ఉన్న 12 మంది ఆరోగ్యవంతులకిచ్చి, కావాలనే ముఖం ముట్టుకుంటూ ఆడమన్నారు. ఒక్కరికీ రాలేదు.

ఆచితూచి:
వివరంగా చెప్పినందుకు సంతోషం ల్యాబ్‌కోటు గారూ. కానీ మీ వాదనలో తేదీలు చూడండి. గోల్డ్‌మన్ రాసింది జులైలో. సీడీసీ పదివేలలో ఒకటి అన్నది మరుసటి ఏడాది ఏప్రిల్‌లో. 2020 మార్చిలో ఇంట్లో కూర్చున్నవాడికి ఇవేవీ లేవు. ప్రశ్న అడిగినవారు అంటున్నదీ ఆ మొదటి వారాల గురించే. జాగ్రత్త వైపు మొగ్గడాన్ని తాను కాదననని గోల్డ్‌మన్ కూడా అదే వ్యాసంలో రాశారు.

ఒక్క పేకాట ప్రయోగంతో విషయం ముగిసిపోదు. అదే జలుబు వైరస్ మీద 1970లలో వర్జీనియాలో జరిగిన ప్రయోగాల్లో చేతి నుంచి చేతికి సోకడం కనిపించింది. నోరోవైరస్ ఉంది చూశారూ, అది వస్తువుల మీద రోజుల తరబడి నిలుస్తుంది, కొద్ది కణాలు చాలు వాంతులు మొదలవడానికి, దాని మీద మామూలు శానిటైజర్ కూడా సరిగ్గా పనిచేయదు. రాబోయే మహమ్మారి ఆ జాతిది కాదని ఎవరు హామీ ఇస్తారు?

మా అమ్మకి అప్పుడు కీమో నడుస్తోంది. రక్తకణాలు పడిపోయిన మనిషి ఇంట్లో ఉంటే పదివేలలో ఒకటి అన్నది చిన్న అంకెలా అనిపించదు. నేను తుడిచాను. మళ్లీ అలాంటి రోజులొస్తే మళ్లీ తుడుస్తాను.

గోదారిగట్టు:
నేను తుడవని పక్షమే. కానీ అమ్మగారి విషయంలో ఆచితూచి గారిని ఎవరూ తప్పుపట్టలేరు.

ఇంటికోడలు:
పోగొట్టుకునేది ఏముంది అని ఆచితూచి గారు మొదట్లో అడిగారు. దానికి నేను జవాబు చెప్తాను, ఎందుకంటే చాలా ఇళ్లలో ఆ తుడిచే పని ఎవరిమీద పడిందో ఇక్కడ ఎవరూ అనలేదు. వంట, పిల్లల ఆన్‌లైన్ క్లాసులు, పెద్దవాళ్ల మందులు, ఇవన్నీ చూసుకునే మనిషే సరుకుల సంచీ ముందు కూడా కూర్చుంది. నా వేళ్ల సందుల్లో చర్మం చిట్లి ఉప్పు తగిలితే మండేది. చిట్లిన చర్మంతో చేతులు కడుక్కోవడమే కష్టమైపోతుంది. అసలు చేయాల్సిన పని చేతులు కడుక్కోవడమే కదా?

బ్లీచ్ సంగతి ఇంకా భయం. 2020 మేలో అమెరికాలో సీడీసీ 502 మంది పెద్దల్ని అడిగితే, 19 శాతం మంది తినే పదార్థాలకు బ్లీచ్ వాడామన్నారు. పలచన చేసిన బ్లీచో సబ్బునీళ్లో తాగామనో పుక్కిలించామనో చెప్పినవాళ్లు కూడా ఉన్నారు, 4 శాతం. దానికి ముందు నెలలో అదే సంస్థ ఒక మహిళ సంగతి రాసింది. కొన్న సరుకులన్నీ శుభ్రం చేశాకే తినాలని వార్తల్లో విని, ఆమె సింకులో బ్లీచ్ ద్రావణం, వెనిగర్, వేడినీళ్లు కలిపి కూరగాయలు నానబెట్టింది. మిగతా సరుకులు తుడుస్తుండగా వంటగదిలో ఘాటైన వాసన మొదలైంది. ఊపిరాడక, దగ్గు ఆగక అంబులెన్సు పిలిపించుకుంది. బ్లీచ్‌లో వెనిగర్‌లాంటి పులుపు ఏది పడ్డా క్లోరిన్ వాయువు పుడుతుంది. ఆమెకు ఆక్సిజన్, మందులు ఇచ్చి కొన్ని గంటల తర్వాత ఇంటికి పంపారు. ఆమె అజాగ్రత్త మనిషి కాదు, అందరికంటే ఎక్కువ జాగ్రత్త పడిన మనిషి!

కూరగాయలు, పండ్లు సబ్బుతో కడగడం కూడా వద్దు. తొక్క మీది సన్నని రంధ్రాల్లో సబ్బు ఇంకిపోయి కడుపులోకి వెళ్తే వాంతులు, విరేచనాలు. ధారగా పడే మంచినీళ్ల కింద చేత్తో రుద్ది కడిగితే చాలు. మహమ్మారి ఉన్నా లేకపోయినా చేయాల్సింది అదే.

గుమ్మంముందు:
నేను డెలివరీ పని చేసేవాణ్ణి. ఇంతమంది ప్యాకెట్ గురించి మాట్లాడుతున్నారు, తెచ్చే మనిషి గురించి కూడా కాస్త వినండి.

ఆ రోజుల్లో సంచీ మీద స్ప్రే కొట్టేవాళ్లు, దాంతోపాటు నా మీద కూడా. కళ్లలో పడి మండితే బండి పక్కకు ఆపి నీళ్లతో కడుక్కున్న రోజులున్నాయి. బాధ అనిపించినా వాళ్ల భయం నాకు అర్థమయ్యేది. అర్థం కానిది ఇంకొకటి. అదే మనిషి మాస్క్ గడ్డం కిందకి లాక్కుని, నాకు అడుగు దూరంలో నిలబడి, ఒక వస్తువు తక్కువైందని బిల్లు మొత్తం గట్టిగా చదివేవారు. ఇంకొకరు లిఫ్టులో నాతోపాటు ఎక్కి పై అంతస్తు దాకా ఫోన్లో మాట్లాడుతూ వచ్చారు, చేతిలో శానిటైజర్ సీసా. నాకు రోగం ఉండి ఉంటే వాళ్లకు నా ఊపిరి నుంచి వచ్చేది, సంచీ నుంచి కాదు. వాళ్లకు ఉండి ఉంటే నాకు అలాగే వచ్చేది. రోజంతా ఎన్ని గుమ్మాలు ఎక్కి దిగుతామో ఆలోచించండి.

తలుపు బయట పెట్టి వెళ్లమని ఫోన్లో చెప్పినవాళ్లు నన్నూ కాపాడారు, తమనూ కాపాడుకున్నారు. డబ్బు ముందే ఆన్‌లైన్‌లో కట్టేసి, నేను మెట్లు దిగాక తలుపు తీసేవాళ్లు. తర్వాత ఆ సంచీ తుడుచుకుంటారో మానుకుంటారో వాళ్ల ఇష్టం.

రేపటిమాట:
గుమ్మంముందు గారూ, మీ మాటలు మా ఇంట్లో గట్టిగా చదివి వినిపించాను. మా వాదన మొత్తం ప్యాకెట్ చుట్టూనే తిరిగింది. తలుపు తీసి ఎలా మాట్లాడామన్నది ఎవరికీ గుర్తు రాలేదు.

ల్యాబ్‌కోటు గారిని రెండు ప్రశ్నలు అడగాలి. చైనాలో ఫ్రోజెన్ చేపల ప్యాకెట్ల మీద బతికున్న వైరస్ దొరికిందన్నారు కదా, దాని సంగతేమిటి? రెండోది, మొదటి వారాల్లో తుడిచామే అనుకోండి, ఇక ఆపవచ్చని ఎలా తెలుస్తుంది? అందరూ మొదలుపెట్టడం గురించే చెప్తారు, ఆపడం గురించి ఎవరూ చెప్పరు.

ల్యాబ్‌కోటు:
మొదటిది నిజంగానే జరిగింది. 2020 అక్టోబరులో చింగ్‌దావ్ రేవులో దిగుమతైన ఫ్రోజెన్ కాడ్ చేపల పైప్యాకింగ్ మీద బతికున్న వైరస్‌ను వేరుచేశామని చైనా అధికారులు ప్రకటించారు. గడ్డకట్టే చలిలో వైరస్ ఎక్కువ కాలం నిలుస్తుంది, కాబట్టి ఆశ్చర్యం లేదు. కానీ అక్కడ సోకిందేమోనని అనుమానించినది రోజంతా ఆ పెట్టెలు మోసే రేవు కార్మికుల గురించి. ఫ్రిజ్‌లో పెట్టే ముందు ఒక ప్యాకెట్ తాకి చేయి కడుక్కునే మనిషి పరిస్థితి వేరు.

రెండో ప్రశ్నకు జవాబు ల్యాబ్‌లో దొరకదు, ఎవరెవరు ఎక్కడ జబ్బు పడుతున్నారన్న దాంట్లో దొరుకుతుంది. సరుకుల మీదుగా బాగా సోకే రోగమైతే, ఎవరినీ కలవకుండా పార్సిళ్లతోనే గడిపేవాళ్లు గుంపులుగా జబ్బుపడాలి. ఒకే గోదాము నుంచి సరుకు వెళ్లిన ఇళ్లలో, ఒకరితో ఒకరికి సంబంధం లేకుండా కేసులు రావాలి. కరోనాలో జరిగింది వేరు. 2020 మార్చి 10న అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో ఒక బృందగాన సాధనకు 61 మంది వచ్చారు. ద్వారం దగ్గర శానిటైజర్ పెట్టారు, కౌగిలింతలు, కరచాలనాలు మానేశారు. మూసిన గదిలో రెండున్నర గంటలు పాడారు. 53 మంది జబ్బుపడ్డారు, ఇద్దరు చనిపోయారు. అప్పటికి లాక్‌డౌన్లు చాలాచోట్ల మొదలే కాలేదు. అంటే గాలి గురించిన గుర్తు మొదటి వారాల్లోనే మన కళ్లముందు ఉంది. అయినా ఆ జులైలో 239 మంది శాస్త్రవేత్తలు గాలి ద్వారా సోకడాన్ని పట్టించుకోమని బహిరంగంగా కోరాల్సి వచ్చింది.

సరుకుల వైపు అలాంటి గుంపు ఇళ్లలో కనిపించలేదు. 2021 ఫిబ్రవరి నాటికి ప్రపంచంలో 10 కోట్లకు పైగా కేసులు నమోదయ్యాయి. ఆహారం నుంచో దాని ప్యాకింగ్ నుంచో మనుషులకు సోకిందనడానికి వాటిలో ఆధారం కనిపించలేదని అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అప్పుడు చెప్పింది.

ఆచితూచి:
ఆపడానికి గుర్తు అడగడం మంచి ప్రశ్న, నేనూ ఒప్పుకుంటాను. అమ్మ ఉన్న ఇంట్లో నా పద్ధతి ఇలా ఉంటుంది. బ్లీచ్, స్ప్రేలు ఉండవు. పాడవని సరుకులు ఒక రోజు పక్కన పెడతాను, ఎవరి చర్మమూ చిట్లదు. వెంటనే కావాల్సినవి లోపల పెట్టి, బయటి సంచీ పారేసి, చేతులు సబ్బుతో కడుక్కుంటాను. వాంతులు, విరేచనాలతో వచ్చే రోగమైతే మాత్రం ప్యాకెట్లు తుడుస్తాను, ఆ విషయంలో నేను మారను. అమ్మ కీమో రోజుల్లో పలకరించడానికి వచ్చే బంధువులను గది బయటే ఆపేస్తాను. సరుకుల కంటే అది కష్టం.

ఇంటికోడలు:
ఒక రోజు పక్కన పెట్టడం నాకూ సమ్మతమే, ఆ పక్కన పెట్టే చోటు పిల్లలకు అందకూడదు. ఆ పని ఇంట్లో వంతులవారీగా చేయాలి. ఆచితూచి గారు చెప్పిన బంధువుల విషయం మీద వేరే చర్చ మొదలుపెట్టండి రేపటిమాట గారూ. కాదనలేక తలుపు తీసిన ఇళ్లు నాకు చాలా తెలుసు.