ప్రళయం ఎందుకొచ్చిందో చెప్పని నవలకు అంత పేరెందుకు?

నాగాయలంక పిల్ల: అమెరికన్ రచయిత కార్మాక్ మెకార్తీ నవల 'ది రోడ్' చదివాను. 2006లో వచ్చింది, 2007లో పులిట్జర్ బహుమతి ఇచ్చారు. లోకమంతా బూడిద. పేర్లు లేని ఓ తండ్రీ కొడుకూ సూపర్ మార్కెట్ బండి తోసుకుంటూ దక్షిణాన సముద్రం వైపు నడుస్తారు. సరే. లోకం ఎందుకు కాలిపోయింది? ఓ మెరుపు, కొన్ని చప్పుళ్లు, 1:17కి ఆగిపోయిన గడియారాలు. అంతే! దీన్ని సస్పెన్స్ అంటారా?

రాత్రిడ్యూటీ: కారణం తెలిస్తే ఆకలి తీరుతుందా అండీ? టెన్షన్ అంతా ఆ తుపాకీలో ఉంది. ఉన్నవి రెండే తూటాలు. పిల్లాడి మెడ మీద కత్తి పెట్టినవాడికి ఒకటి ఖర్చయిపోతుంది. మిగిలింది ఎవరి కోసమో తండ్రికి తెలుసు, మనకూ తెలుసు. నేలమాళిగ తలుపు తీస్తుంటే డ్యూటీలో ఉన్న సంగతి మర్చిపోయి "తియ్యొద్దురా" అని పైకే అనేశాను.

సున్నుండ: కొటేషన్ గుర్తుల్లేవు. మాట ఎవరిదో తెలియక ముప్పై పేజీలకే పక్కన పడేశా.

నాగాయలంక పిల్ల: తుపాకీ సంగతి నేనడగలేదు. 1977 ఉప్పెన గురించి చెప్పేటప్పుడు మా అమ్మమ్మ ముందు గాలి ఎటు తిరిగిందో చెప్పేది. మనుషుల సంగతి తర్వాతే.

రాత్రిడ్యూటీ: బయటపడ్డారు కాబట్టి తీరిగ్గా చెప్పారు. నడిచేవాడికి ఆ తీరిక ఎక్కడిది?

నాగాయలంక పిల్ల: అమ్మమ్మ జోలికి రాకండి.

పాతపుస్తకాలు: అబ్బా, ఆగండి ఇద్దరూ. కూల్‌డ్రింకులమ్మే పాత మిషన్లో ఒక్క కోకా కోలా దొరికితే తండ్రి పిల్లాడికిస్తాడు, వాడేమో నువ్వూ తాగు నాన్నా అంటాడు. నాకు ఆ ఒక్క చోటు చాలు.

నాగాయలంక పిల్ల: ఆ నాన్నే, బండి ఎత్తుకుపోయిన దొంగ దొరికితే బట్టలూ బూట్లూ విప్పించి చలిలో వదిలేస్తాడు. పిల్లాడు వద్దని ఏడుస్తున్నా సరే. దాన్నీ ప్రేమంటారేమో!

రాత్రిడ్యూటీ: పిల్లాడి తిండి మొత్తం ఎత్తుకుపోయినవాడికి హారతి పట్టాలా మేడమ్? అయినా తర్వాత వెనక్కెళ్లి ఆ బట్టలు రోడ్డు మీద పెట్టి, పైన రాయి కూడా పెడతాడు.

నాగాయలంక పిల్ల: అప్పటికి మనిషి లేడు కదా! 2020లో మా కింది ఫ్లోర్ ఆవిడకు కరోనా. పాలు తెచ్చి గుమ్మం ముందు పెట్టమని ఫోన్ చేసింది. చంటిపిల్ల ఉందని మా ఆయన వద్దన్నారు. నేనూ వెళ్లలేదు. నాలుగు రోజులయ్యాక రెండు ప్యాకెట్లు పట్టుకెళ్తే, అప్పటికే ఆసుపత్రిలో చేర్చారట. ఇప్పుడు బాగానే ఉంది. లిఫ్టులో కనిపిస్తే పాప ఎలా ఉందని అడుగుతుంది.

రాత్రిడ్యూటీ: ఈ మాట మొదట్లోనే చెప్పుంటే అమ్మమ్మగారి దాకా వెళ్లేవాణ్ని కాదు. సారీ అండీ. కానీ నాకూ ఇద్దరు పిల్లలు. నేనింకా తండ్రి వైపే.

నాగాయలంక పిల్ల: నేను మాత్రం ఎటున్నాననుకున్నారు?

సున్నుండ: ఇంతకీ నేలమాళిగలో ఏముంది?

రాత్రిడ్యూటీ: చెప్పను. చదువు.