ఢిల్లీలో నాలుగు రోజులు: పెద్దవాళ్లతో, ఎనిమిదేళ్ల పాపతో ఎలా తిరగాలి?

ప్రశ్న:
నమస్తే అండీ. డిసెంబరు ఆఖరి వారంలో ఢిల్లీ వెళ్దామనుకుంటున్నాం. నేను, మా ఆవిడ, ఎనిమిదేళ్ల పాప, అమ్మ, నాన్న. అమ్మకు మోకాళ్ల నొప్పులు, నాన్నకు కాస్త ఆయాసం. శనివారం రాత్రి దిగి గురువారం పొద్దున బయల్దేరాలి. ఎర్రకోట, కుతుబ్ మినార్, హుమాయూన్ సమాధి, అక్షర్‌ధామ్, లోటస్ టెంపుల్, ఇండియా గేట్, ఒక రోజు ఆగ్రా అని రాసుకున్నాను. ట్రావెల్స్ వాళ్లు రోజుకు ఆరు చోట్లు చూపిస్తామంటున్నారు. కుదురుతుందంటారా?

జవాబు 1:
రోజుకు ఆరు చోట్లంటే చూసేదంతా వ్యాన్ కిటికీలోంచేనండీ. మూడేళ్ల కిందట మేమూ అలాగే ఒప్పుకుని మా అమ్మను అవస్థ పెట్టాం. అందుకే కాస్త వివరంగా రాస్తున్నా. పొద్దున ఒక పెద్ద కట్టడం, మధ్యాహ్నం గదిలో విశ్రాంతి, సాయంత్రం మెట్లు లేని చోటు ఒకటి. అంతకు మించి పెట్టుకోకండి.

ముందు వారాలు చూసుకోండి. సోమవారం ఎర్రకోట, అక్షర్‌ధామ్, లోటస్ టెంపుల్, రైల్ మ్యూజియం అన్నీ మూతే. మేం సోమవారమే ఎర్రకోటకు వెళ్లి, లాహోరీ గేటును దూరం నుంచి చూసి వెనక్కొచ్చేశాం. తీసుకెళ్లిన డ్రైవరుకు ఆ సంగతి తెలిసే ఉంటుంది, ఒక్క మాట చెప్పలేదు. కుతుబ్, హుమాయూన్ సమాధి మాత్రం వారమంతా తెరిచే ఉంటాయి. తాజ్‌మహల్‌కు శుక్రవారం సెలవు.

ఆదివారం పొద్దున్నే హుమాయూన్ సమాధికి వెళ్లండి. పెద్దవాళ్లకు ఢిల్లీలో ఇంతకన్నా మంచి చోటు లేదని నా నమ్మకం. లోపలికి వెళ్లగానే కుడివైపు ఈసా ఖాన్ సమాధి ఉంటుంది. 1547 నాటిది, హుమాయూన్ సమాధి కన్నా పాతది. చాలామంది పట్టించుకోకుండా దాటిపోతారు, మీరు అలా చేయకండి. అసలు సమాధి ఎత్తైన అరుగు మీద ఉంటుంది, మెట్లు నిట్టనిలువుగా ఉంటాయి. మా అమ్మ మూడో మెట్టు మీద ఆగి, చీర కుచ్చిళ్లు పట్టుకుని పైకి చూసి, "మీరు వెళ్లి రండి, నేనిక్కడే కూర్చుంటా" అంది. తోటలో సన్నటి రాతి కాలువల పక్కన, చెట్టు నీడన గంటసేపు కూర్చుంది. ఆ ప్రయాణంలో ఆవిడ ఇప్పటికీ తలుచుకునేది ఆ గంటనే. కాబట్టి మీ అమ్మగారు పైకి ఎక్కలేకపోయినా బాధపడనివ్వకండి. గుమ్మటం కిందనుంచే నిండుగా కనిపిస్తుంది. మీ నాన్నగారికి చరిత్ర ఇష్టమైతే చెప్పండి, 1857లో బహదూర్ షా జఫర్ ఇంగ్లీషువాళ్లకు చిక్కింది ఇక్కడే. పక్కనే సుందర్ నర్సరీ ఉంది, పాప పరుగెత్తడానికి బోలెడంత చోటు.

సోమవారం కుతుబ్. మినార్ ఎత్తు సుమారు 73 మీటర్లు. 1981లో లోపలి మెట్ల మీద తొక్కిసలాట జరిగి నలభై మందికి పైగా చనిపోయారు, వాళ్లలో ఎక్కువమంది బడిపిల్లలే. అప్పటినుంచి ఎవరినీ పైకి ఎక్కనివ్వరు. పాపకు మాత్రం అక్కడి ఇనుప స్తంభం తీరిగ్గా చూపించండి. ఏడు మీటర్ల పైచిలుకు ఎత్తు, ఆరు టన్నులకు పైగా బరువు. గుప్తుల కాలం నాటిది, అంటే దాదాపు 1,600 ఏళ్లుగా ఎండకూ వానకూ నిలబడి ఉంది. మావాడు కంచె పట్టుకుని చాలాసేపు చూసి, "మన సైకిల్ రెండేళ్లకే తుప్పు పట్టిందేం నాన్నా?" అని అడిగాడు. ఆ ఇనుములో భాస్వరం ఎక్కువ, దానివల్ల పైన సన్నటి పొర ఏర్పడి తుప్పును ఆపుతుందని చెప్పాను. ఇంటికొచ్చాక వాళ్ల టీచరుకు వాడే చెప్పాడు.

మంగళవారం పొద్దున ఎర్రకోట. లోపల నడక ఎక్కువ, టికెట్ కౌంటర్ దగ్గరే వీల్‌చైర్ అడగండి. అమ్మగారు మొహమాటపడతారు, మీరే ఒప్పించాలి. బయటికొచ్చాక చాందినీ చౌక్ సైకిల్ రిక్షాలో చూడండి. పగలు ఆ రోడ్డు మీదికి మోటారు బళ్లను రానివ్వరు. సాయంత్రం ఇండియా గేట్, పక్కనే 2019లో తెరిచిన జాతీయ యుద్ధ స్మారకం.

జవాబు 2:
ప్లాన్ బాగుంది కానీ, డిసెంబరు ఆఖరు వద్దండీ. నేను అక్కడ ఆరేళ్లు ఉద్యోగం చేశాను. పొగమంచుకు విమానాలు, రైళ్లు గంటలకొద్దీ ఆలస్యమవుతాయి. దానికి తోడు గాలిలో కాలుష్యం. ఆయాసం ఉన్న మనిషిని ఆ గాలిలోకి తీసుకెళ్లడం మంచిది కాదు. వీలుంటే ఫిబ్రవరి రెండో సగానికి మార్చుకోండి. రాష్ట్రపతి భవన్ అమృత్ ఉద్యాన్ కూడా మామూలుగా ఆ రోజుల్లోనే తెరుస్తారు.

ప్రశ్న అడిగినవారు:
నాన్న ఆయాసం సంగతి రాశాను గానీ గాలి గురించి ఆలోచించనే లేదండీ. పాపను నాలుగు రోజులు బడి మానిపించి ఫిబ్రవరిలోనే వెళ్తాం. బుధవారం ఆగ్రా పెట్టుకోవచ్చా, అక్షర్‌ధామ్ చూడాలా? అమ్మ మెట్రో ఎక్కగలదా?

జవాబు 1:
రెండూ ఒకే రోజు వద్దు. నన్నడిగితే తాజే. హజ్రత్ నిజాముద్దీన్ స్టేషన్ నుంచి గతిమాన్ ఎక్స్‌ప్రెస్ గంటా నలభై నిమిషాల్లో ఆగ్రా చేరుస్తుంది, శుక్రవారం తప్ప. తిరిగి రావడం కూడా అదే రైల్లో పెట్టుకోండి. రాత్రిపూట కారులో ఎక్స్‌ప్రెస్‌వే మీద రావద్దు. ఒకవేళ అక్షర్‌ధామ్‌కే వెళ్తే ఫోన్లు, బ్యాగులు లోపలికి తీసుకెళ్లనివ్వరు. కాబట్టి లోపలికి వెళ్లేముందే ఎక్కడ కలుసుకోవాలో అందరూ అనుకోండి.

మెట్రో భేషుగ్గా ఎక్కగలరు. స్టేషన్లలో లిఫ్టులుంటాయి, ఎటు అని గార్డును అడిగితే చూపిస్తారు. రైలు వెళ్లే దిక్కున మొదటి పెట్టె ఆడవాళ్లది, ఆవిడా మీ ఆవిడా పాపా అందులో ఎక్కొచ్చు. ఎర్రకోటకు లాల్ కిలా స్టేషన్ దగ్గర. కుతుబ్ మినార్ స్టేషన్ మాత్రం పేరుకే, అక్కడినుంచి మినార్ దూరం. ఆటో మాట్లాడుకోండి.

జవాబు 3:
ఒక్క మాట కలుపుతాను. రైల్వే స్టేషన్ బయట ఎవరైనా వచ్చి "మీ హోటల్ మూసేశారు, నాతో రండి" అంటే నమ్మొద్దు. మాకు సరిగ్గా ఇలాగే చెప్పారు. హోటల్‌కు ఫోన్ చేస్తే, "గది రెడీగా ఉంది, రండి" అన్నారు. రిసెప్షన్ నంబరు ముందే ఫోన్‌లో పెట్టుకోండి. గది తీసుకునేటప్పుడు లిఫ్టు పనిచేస్తోందా అని కూడా అడగండి.